గాలి కదలని గది కావాలి!

విమానం ఎగరాలంటే ఆకాశం కావాలి. కానీ కొన్ని విమానాలకు ఆకాశమే శత్రువు. చిరుగాలి వీస్తే విరిగిపోతాయి. ఎండ పొడ తగిలితే దారి తప్పుతాయి. వాటికి కావల్సింది నాలుగు గోడలు, ఓ ఎత్తయిన పైకప్పు, అడుగు తీసి అడుగు వేసినా కదలనంత నిశ్చలమైన గాలి. అలాంటి చోటు కోసం ఆ విమానాల యజమానులు ఉప్పు గనుల్లోకి దిగుతున్నారు. ఎయిర్‌షిప్‌లు ఖాళీ చేసి వెళ్లిన షెడ్ల తలుపులు తడుతున్నారు. ఏదీ దొరక్కపోతే పక్కవీధి బ్యాడ్మింటన్ హాలును గంటల లెక్కన అద్దెకు తీసుకుంటున్నారు.

ఒక రూపాయి నాణేన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. అందులో సగం కన్నా తక్కువ బరువుండే విమానాన్ని ఊహించగలరా? అంతర్జాతీయ పోటీల్లో ఎగిరే 'ఎఫ్1డి' తరగతి విమానం బరువు 1.4 గ్రాములు. అంతకన్నా తగ్గకూడదన్నది నిబంధన. రెక్కల పొడవు ఈ కొస నుంచి ఆ కొసకు 55 సెంటీమీటర్లు మించకూడదు. అంటే మూర కన్నా కాస్త ఎక్కువ పొడవున్న విమానం... మనం రాసుకునే తెల్లకాగితంలో మూడో వంతు బరువు కూడా ఉండదన్నమాట! ఇంజిను లేదు, బ్యాటరీ లేదు, రిమోట్ లేదు. ఉన్నదల్లా 0.4 గ్రాముల రబ్బరు. ఆ కాస్త రబ్బరు పురి విడిపోతూ విమానాన్ని అరగంటకు పైగా గాలిలో ఉంచుతుంది. రబ్బరు ఎక్కువ వాడుకోనిచ్చిన పాత నిబంధనల రోజుల్లో, పెద్ద పెద్ద షెడ్లలో గంట దాటి ఎగిరినవీ ఉన్నాయి.

రబ్బరుతో ఎగిరే విమానం కొత్తదేం కాదు. 1871 ఆగస్టు 18న ప్యారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి యువకుడు రబ్బరు పురితో నడిచే బుల్లి విమానాన్ని వదిలాడు. అది 11 సెకన్లలో 40 మీటర్లు వెళ్లింది. ఆయన నమూనాతోనే తయారైన రబ్బరు హెలికాప్టర్ బొమ్మను 1878లో అమెరికాలో ఓ తండ్రి తన ఇద్దరు కొడుకులకు తెచ్చిచ్చాడు. ఆ పిల్లల పేర్లు విల్బర్, ఆర్విల్. పాతికేళ్ల తర్వాత వాళ్లేం చేశారో ప్రపంచానికంతటికీ తెలుసు. రైట్ సోదరులు ఆరుబయటికి వెళ్లారు. ఈ రబ్బరు విమానాల వాళ్లు మాత్రం క్రమంగా ఇంట్లోకి వచ్చారు.

ఊపిరి బిగబట్టి...

ఈ విమానం తయారీ ఓ తపస్సు. కర్రంటే బల్సా. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వెడార్‌లో పెరిగే ఈ చెట్టు కలప దూదిలా తేలిగ్గా ఉంటుంది. అందులోనూ అతి తేలికైన ముక్కను ఏరి, అగ్గిపుల్ల కన్నా సన్నగా చీల్చి, రెక్కల చట్రం కడతారు. దాని మీద కప్పే పొర ఇంకా విచిత్రం. ఒకప్పుడు వెడల్పాటి తొట్టెలో నీళ్లు పోసి, వాటి మీద లక్కలాంటి ద్రావణాన్ని ఒక చెంచాడు పోసేవారు. అది నీటి మీద పరుచుకుని, ఆరి, సబ్బు బుడగలా రంగులీనే పొరగా మారేది. దాన్ని చట్రంతో మెల్లగా పైకి లేపి రెక్కకు అంటించేవారు. ఇప్పుడు ఎక్కువమంది పలచటి ప్లాస్టిక్ పొర వాడుతున్నారు. దాని మందం తలవెంట్రుకలో వందో వంతు ఉంటుంది. రెక్క వంగిపోకుండా కంటికి ఆనీ ఆనని టంగ్‌స్టన్ తీగలతో బిగిస్తారు.

రబ్బరును వెయ్యికి పైగా చుట్లు మెలిపెట్టి, విమానానికి తగిలించి, వేళ్ల మధ్య నుంచి అలా గాల్లోకి వదిలేస్తారు. విసరడం ఉండదు. ప్రొపెల్లర్ నిమిషానికి నలభై యాభై సార్లు తిరుగుతుందంతే. రెక్కలను ఎంచక్కా లెక్కపెట్టుకోవచ్చు! విమానం మనిషి నడక కన్నా మెల్లగా, గుండ్రంగా తిరుగుతూ పైకెక్కుతుంది. శబ్దం ఉండదు. దాని పక్క నుంచి ఎవరైనా గబగబా నడిచి వెళితే చాలు, ఆ గాలికే తూలిపోతుంది. అందుకే పోటీ జరిగే చోట పెద్దవాళ్లు కూడా నిద్రపోతున్న పసిపాప గదిలో తిరుగుతున్నట్టు తిరుగుతారు. తలుపు తీయాలంటే పదిసార్లు ఆలోచిస్తారు.

పైకప్పే ఆకాశం

ఈ ఆటలో గది ఎత్తే అన్నిటికన్నా విలువైన ఆస్తి. రికార్డులను కూడా పైకప్పు ఎత్తును బట్టి నాలుగు తరగతులుగా విడగొట్టారు. 8 మీటర్ల లోపు ఒకటి, 8 నుంచి 15 మీటర్లు రెండోది, 15 నుంచి 30 మీటర్లు మూడోది, 30 మీటర్లు దాటితే నాలుగోది. స్కూలు హాల్లో ఎగిరిన విమానాన్ని ఎయిర్‌షిప్ షెడ్డులో ఎగిరిన దానితో పోల్చడం అన్యాయం కదా!

ఎత్తు ఎందుకంత ముఖ్యమంటే... కొత్తగా మెలిపెట్టిన రబ్బరులో బలం ఎక్కువ. మొదటి నిమిషాల్లో విమానం జోరుగా పైకెక్కుతుంది. బలం తగ్గేకొద్దీ కాసేపు ఒకే ఎత్తులో తిరిగి, తర్వాత మెల్లమెల్లగా దిగుతుంది. కప్పు ఎత్తుగా ఉంటే ఆ మొదటి బలమంతా ఎత్తుగా మారుతుంది. కప్పు తక్కువైతే విమానం వెళ్లి దూలానికి కొట్టుకుంటుంది. అందుకని రబ్బరును పూర్తిగా మెలిపెట్టి, కొన్ని చుట్లు మళ్లీ వదిలేసి ఎగరేస్తారు. బలం ఎక్కువగా ఉన్నప్పుడు తనంత తానే కోణం మార్చుకునే ప్రొపెల్లర్లు కూడా తయారుచేశారు. అంత చేసినా దూలాల్లో చిక్కుకునేవి చిక్కుకుంటూనే ఉంటాయి. గోడ వైపు పోతున్న విమానాన్ని మళ్లించడానికి ఓ ఉపాయం ఉంది. హీలియం బెలూన్‌కు సన్నటి దారం కట్టి పైకి వదిలి, ఆ దారంతో విమానాన్ని సుతారంగా పక్కకు జరుపుతారు. పోటీల్లోనూ దీనికి అనుమతి ఉంది. చెయ్యి వణికిందా... నెలల కష్టం క్షణంలో నేలపాలు!

గాలి ఓడ వదిలి వెళ్లిన ఇల్లు

ఎత్తయిన గదులు కావాలి సరే, అంత పెద్ద గదులు ఎవరు కడతారు? బొమ్మ విమానాల కోసమైతే ఎవరూ కట్టరు. ఎవరో ఎప్పుడో మరో పని కోసం కట్టినవే దిక్కు. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర కార్డింగ్టన్‌లో అలాంటివి రెండున్నాయి. పొలాల మధ్య కొండల్లా కనపడే ఎయిర్‌షిప్ షెడ్లు. మొదటి దాన్ని మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కట్టి, 1920ల్లో 'ఆర్101' అనే భారీ ఎయిర్‌షిప్ కోసం పెంచారు. పొడవు 812 అడుగులు, ఎత్తు 157 అడుగులు. రెండోదాన్ని 1928లో నార్ఫోక్ నుంచి విప్పి తెచ్చి దీని పక్కనే నిలబెట్టారు.

ఈ కథలో మనకూ ఓ ముడి ఉంది. 'ఆర్101' బయల్దేరింది ఇండియాకే. లండన్ నుంచి అప్పటి మన దేశంలోని కరాచీకి గాలి ఓడలు నడపాలని బ్రిటిష్ ప్రభుత్వం కలగంది. దాని కోసం కరాచీలోనూ ఓ భారీ షెడ్డు కట్టించింది. 1930 అక్టోబరులో 54 మందితో బయల్దేరిన 'ఆర్101' ఫ్రాన్సు కూడా దాటలేదు. 5వ తేదీ తెల్లవారుజామున బోవే దగ్గర నేలకూలి మండిపోయింది. 48 మంది మరణించారు. ఆ ఘోరంతో బ్రిటన్ ఎయిర్‌షిప్‌లకే స్వస్తి చెప్పింది. కరాచీ షెడ్డు ఏ ఎయిర్‌షిప్‌నూ చూడకుండానే 1961లో కూల్చివేతకు గురైంది. కార్డింగ్టన్ షెడ్లు మాత్రం నిలిచాయి.

ఖాళీ అయిన ఆ ఇంట్లోకి బుల్లి విమానాలు వచ్చాయి. ఏళ్ల తరబడి బ్రిటన్‌లో ఈ ఆటకు కార్డింగ్టనే పుట్టిల్లు. ప్రపంచ పోటీలు కూడా అక్కడ జరిగాయి. 48 మందిని బలిగొన్న ఆశకు నీడనిచ్చిన కప్పు కిందే, ఒకటిన్నర గ్రాముల విమానాలు నిదానంగా చక్కర్లు కొట్టాయి. కానీ అద్దె ఇల్లు అద్దె ఇల్లే కదా! కాలం మారి ఆ షెడ్లకు సినిమా వాళ్లొచ్చారు. 2005లో వచ్చిన 'బ్యాట్‌మన్ బిగిన్స్' కోసం అక్కడే నగరం సెట్టు వేశారు. షెడ్డుకు మంచి ఆదాయం దొరికింది. చందాలతో నడిచే క్లబ్బులు సినిమా కంపెనీలతో ఏం పోటీపడతాయి?

భూమి కింద ఆకాశం

రుమేనియా రాజధాని బుకారెస్ట్‌కు ఉత్తరంగా వంద కిలోమీటర్ల దూరంలో స్లానిక్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఆకాశం కోసం పైకి చూడక్కర్లేదు, కిందికి దిగాలి. 208 మీటర్ల లోతులో ఉంటుంది 'ఉనిరియా' ఉప్పు గని. 1943 నుంచి 1970 వరకూ అక్కడ ఉప్పు తవ్వారు. తవ్వగా మిగిలినవి పెద్ద పెద్ద మందిరాలు. ఎత్తు 54 మీటర్లు... మన లెక్కలో పద్దెనిమిది అంతస్తులు. గోడలు పాలరాతిలా తెలుపు నలుపు చారలతో మెరుస్తుంటాయి. అంతా ఉప్పే.

బయట మంచు కురిసినా ఎండ కాసినా లోపల ఉష్ణోగ్రత 12 డిగ్రీలే. కిటికీల్లేవు, ఎండకు వేడెక్కే రేకుల్లేవు. ఎయిర్‌షిప్ షెడ్లలో ఉండే పెద్ద బాధ అదే. ఎండెక్కేకొద్దీ కప్పు వేడెక్కి లోపలి గాలి కదలడం మొదలెడుతుంది. అమెరికాలోని ఆక్రన్‌లో 1929లో కట్టిన గుడ్‌ఇయర్ ఎయిర్‌షిప్ షెడ్డు ఎంత పెద్దదంటే, వాతావరణం ఉన్నట్టుండి మారితే లోపలే మేఘం పట్టి తుంపర పడుతుందని చెబుతారు! గనిలో ఆ గొడవ లేదు. అందుకే ప్రపంచ చాంపియన్‌షిప్‌లు మళ్లీ మళ్లీ స్లానిక్‌కు వస్తుంటాయి.

అలాగని గని తేలికేం కాదు. అక్కడి మందిరాలు నేల దగ్గర 32 మీటర్ల వెడల్పుంటే, కప్పు దగ్గరికి వచ్చేసరికి 10 మీటర్లకు కుంచించుకుపోతాయి. పైకి పోయినకొద్దీ రెండు గోడలూ దగ్గరికి వచ్చేస్తాయి. ఎత్తు ఉంది కదా అని ఆశపడితే విమానం వాలుగోడకు తగిలి ఉప్పుకు అతుక్కుంటుంది. ఇక్కడ నెగ్గేది ఎక్కువ ఎత్తుకు పోయిన విమానం కాదు, ఎంత ఎత్తులో ఆగాలో తెలిసిన విమానం. ఆ గని ఇప్పుడు సందర్శకులకూ తెరిచి ఉంది. ఉప్పు గోడల్లో చెక్కిన రాజుల, కవుల విగ్రహాలు చూడటానికి కుటుంబాలతో వస్తారు.

గుమ్మటం కింద పండగ

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని వెస్ట్ బేడెన్‌ది మరో కథ. అక్కడ 1902లో ఓ హోటల్ కట్టారు. నడిమధ్య స్తంభం అన్నదే లేకుండా 200 అడుగుల వెడల్పున గుండ్రటి గుమ్మటం. నేల నుంచి దాదాపు 100 అడుగుల ఎత్తు. పదేళ్లకు పైగా ప్రపంచంలో అంతకన్నా పెద్ద గుమ్మటం లేదు. 'ఎనిమిదో వింత' అని ప్రచారం చేసుకున్నారు. 1929 ఆర్థిక మాంద్యం దెబ్బకు 1932లో హోటల్ మూతపడింది. తర్వాత మతాచార్యుల విద్యాలయం, ఆపైన ఓ కళాశాల నడిచి, 1983లో అదీ వెళ్లిపోయింది. 1991లో గోడ ఒకవైపు కూలింది. ఇక పోయిందనుకున్న దశలో వారసత్వ కట్టడాల ప్రేమికులు పూనుకుని బాగుచేశారు. 2007లో మళ్లీ హోటల్‌గా తెరిచారు.

2018లో ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడే జరిగింది. గుమ్మటం చుట్టూ ఆరంతస్తుల గదులు. వాటి బాల్కనీలు లోపలికే తెరుచుకుంటాయి. కాఫీ తాగుతూ బాల్కనీలో కూర్చున్న అతిథి కళ్ల ముందు నుంచి ఓ విమానం చప్పుడు లేకుండా సాగిపోతే ఎలా ఉంటుంది! అయితే ఇక్కడా ఒక చిక్కుంది. నిలిచి వ్యాపారం చేసుకుంటున్న హోటల్ కాబట్టి, దాని తీరికను బట్టే విమానాలు ఎగరాలి.

కాలిపోయిన కప్పు

కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో జంట హ్యాంగర్లు ఉండేవి. రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాములను కనిపెట్టే గాలి ఓడల కోసం 1942లో కట్టారు. ఉక్కు యుద్ధానికి కావాలి కాబట్టి హ్యాంగర్లను కలపతోనే లేపారు. పొడవు వెయ్యి అడుగులు పైమాటే, ఎత్తు పదిహేడు అంతస్తులు. అమెరికా తీరాల వెంట అలాంటి కలప హ్యాంగర్లు 17 కట్టారు. యుద్ధం అయిపోయింది, గాలి ఓడలు పోయాయి, 1999లో టస్టిన్ స్థావరమూ మూతపడింది. దక్షిణ కాలిఫోర్నియాలోని బుల్లి విమానాల వాళ్లకు మాత్రం అది దేవుడిచ్చిన చోటు. గొప్ప గొప్ప రికార్డు ప్రయత్నాలు అక్కడ జరిగాయి.

2023 నవంబరు 7న ఉత్తరం వైపు హ్యాంగరుకు నిప్పంటుకుంది. ఎనభై ఏళ్లు ఎండిన కలప... ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఊరంతా చూస్తుండగా కప్పు కూలిపోయింది. ఒరెగాన్‌లోని టిలమూక్‌లో ఉన్న ఇలాంటి జంటలో ఒకటి 1992లోనే బూడిదైంది. మిగిలినది విమానాల మ్యూజియంగా నడుస్తోంది. కాలిపోయిన కట్టడాన్ని తలచుకుని చరిత్రకారులు బాధపడ్డారు. సాదాసీదా జనం ఫొటోలు తీసుకున్నారు. బుల్లి విమానాల క్లబ్బులకు మాత్రం అది ఇంట్లో మనిషి పోయినట్టే. మైదానం పోతే మరో మైదానం దొరుకుతుంది. పదిహేడు అంతస్తుల గది పోతే, అలాంటిది ఇంకెవరైనా కడతారన్న ఆశ లేదు.

ఆదివారం పూట రెండు గంటలు

ఉప్పు గనులూ గుమ్మటాలూ ఏడాదికో రెండేళ్లకో వచ్చే పండగలు. మరి మిగతా రోజులు? ఊరూరా ఉన్న చిన్న క్లబ్బులకు స్కూలు వ్యాయామశాలలూ ఊరి క్రీడా హాళ్లే గతి. చలికాలంలో బయట ఎగరేసే వీలుండని బ్రిటన్ లాంటి దేశాల్లో ఈ వెతుకులాట మరీ ఎక్కువ. హాలు చూడ్డానికి వెళ్లిన క్లబ్బు కార్యదర్శి కళ్లు ముందు కప్పు మీదికే పోతాయి. ఎత్తెంత? దూలాలు బయటికి ఉన్నాయా, లోపల దాగి ఉన్నాయా? దీపాలు వేలాడుతున్నాయా? బాస్కెట్‌బాల్ బోర్డులు పైకి మడుస్తారా? ఏసీనీ, గాలి మిషన్లనూ ఓ రెండు గంటలు ఆపుతారా? ఈ చివరి ప్రశ్న దగ్గరే చాలా బేరాలు చెడిపోతాయి. మీట ఎక్కడుందో కాపలాదారుకు తెలియకపోవచ్చు, తెలిసినా నొక్కే అధికారం లేకపోవచ్చు.

తర్వాతి సమస్య గంటలది. సాయంత్రాలూ సెలవు రోజులూ బ్యాడ్మింటన్ వాళ్లవి, పెళ్లి రిసెప్షన్లవి. మిగిలేది ఎవరికీ అక్కర్లేని వేళ. అద్దె సభ్యులంతా పంచుకోవాలి. పదిమంది వస్తే తలా కాస్త, నలుగురే వస్తే తడిసి మోపెడు. 'విమానాలా? అద్దాలు పగిలితే?' అని మేనేజరు భయపడతాడు. అందుకే అనుభవమున్న క్లబ్బులు మాటలతో ఒప్పించబోవు. జేబులోంచి చిన్న డబ్బా తీసి, విమానాన్ని ఆయన బల్ల మీంచే వదిలిపెడతాయి. అది ఆయన తల చుట్టూ ఓ చక్కర్ కొట్టి ఫైళ్ల మీద వాలితే సగం పని అయినట్టే. మిగతా సగానికి క్లబ్బుల జాతీయ సంఘం ఇచ్చే బీమా కాగితం ఉంటుంది.

ఒకే హాల్లో రెండు వర్గాల కాపురం ఇంకో తంటా. ఈ శతాబ్ది మొదట్లో తేలికైన లిథియం పాలిమర్ బ్యాటరీలు వచ్చాక, నురుగు షీట్లతో చేసిన రిమోట్ విమానాలు కూడా హాళ్లలోకి వచ్చాయి. పాటకు తగ్గట్టు గాల్లో నాట్యం చేసే పోటీలూ ఉన్నాయి. వాటి ప్రొపెల్లర్ గాలి చాలు, రబ్బరు విమానం తలకిందులవడానికి. అందుకే గడియారం పెట్టుకుని పంచుకుంటారు. వీళ్లకో అరగంట, వాళ్లకో అరగంట.

తక్కువ ఎత్తు హాళ్లలో సాధన చేసేవాళ్లు ఓ చక్కటి కిటుకు కనిపెట్టారు. రబ్బరు పొడవులో నాలుగో వంతే తీసుకుని, తగ్గిన బరువుకు సమానంగా చిన్న బరువు జోడిస్తారు. విమానం బరువు మారదు, పైకెక్కేది మాత్రం తక్కువ. ఎనిమిది నిమిషాలు ఎగిరిందంటే పూర్తి రబ్బరుతో దాదాపు ముప్పై రెండు నిమిషాలు ఎగరగలదని లెక్క. స్లానిక్‌లో నెగ్గాలనుకునేవాళ్లు తమ ఊరి స్కూలు హాల్లోనే సిద్ధమవచ్చు!

పిల్లలొస్తేనే...

హాలు దొరకడంతో కథ అయిపోదు. అందులోకి కొత్తవాళ్లు రావాలి. అమెరికా బడుల్లో జరిగే 'సైన్స్ ఒలింపియాడ్'లో రబ్బరు విమానాలు, హెలికాప్టర్ల అంశం తరచూ ఉంటుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో బల్సా ముక్కలు, జిగురు సీసాలతో వంటింటి బల్ల నిండిపోయే వారాలు చాలామందికి అనుభవమే. మన దగ్గర ఎన్‌సీసీ వైమానిక విభాగంలో విమాన నమూనాల తయారీ శిక్షణలో భాగం. ఇంట్లో మొదలుపెట్టాలన్నా ఖర్చు పెద్దగా కాదు. రాగి పైసా నాణెం బరువును ప్రమాణంగా పెట్టుకుని అమెరికన్లు 'పెన్నీప్లేన్' అనే తరగతి పెట్టారు. కనీస బరువు 3.1 గ్రాములు. కొంచెం గట్టిగా ఉంటుంది కాబట్టి చేయి తిరగనివాళ్లకు అదే మొదటి మెట్టు.

మన ఊళ్లలో గనులూ గుమ్మటాలూ లేకపోవచ్చు. కానీ ముహూర్తాలు లేని మూఢంలో ఖాళీగా పడి ఉండే కల్యాణ మండపాలున్నాయి. సెలవుల్లో తాళం వేసి ఉంచే బడి హాళ్లున్నాయి. తెల్లవారుజామున, ఎండ కప్పుకు తగలకముందే, తలుపులు మూసి ఫ్యాన్లన్నీ ఆపితే చాలు. ఉక్కపోతకు కాసేపు ఓర్చుకోవాలి మరి. చేతిలోంచి వదిలిన విమానం పైకెక్కి, ఆగిపోయిన ఫ్యాను రెక్కల పక్క నుంచి మెల్లగా మలుపు తిరుగుతుంటే, విసనకర్ర ఊపుకోవాలని ఎవరికీ అనిపించదు. అనిపించినా... ఊపకూడదు!